ఎర్రవంక హోటలు

ఎర్రవంక ఊళ్ళో తిప్పేస్వామి అనే హోటలు యజమాని ఉండేవాడు. వంటలో చెయ్యి మంచిదే గాని, గిరాకీ కోసం ఎంత అబద్ధమైనా ఆడేవాడు.

ఒకప్పుడు అక్కడి వంక ఇసుకలో బంగారు రజను దొరికింది. ఆ మాట విని నాలుగు దిక్కుల నుంచీ జనం వచ్చిపడ్డారు. మేకలు మేసే బయల్లో ఊరు వెలిసింది. తిప్పేస్వామి మొదట తడికెల పాకలో రాగిముద్ద, ఊరుబిండి పెట్టాడు. చూస్తుండగానే టేకు దూలాలతో మేడ లేపాడు. కింద భోజనాలు, పైన మంచాలు. సాయంత్రమైతే మెట్ల మీద కూడా చోటుండేది కాదు.

తర్వాత రజను తగ్గింది. జనం మూటలు కట్టుకోసాగారు. మంచాలు ఖాళీ అవుతుంటే తిప్పేస్వామికి గుండె జారింది. ఒక పొద్దున, ప్రయాణమవుతున్న ఇద్దరికి మజ్జిగ పోస్తూ గొంతు తగ్గించాడు.

"ఎవరితోనూ అనకండి. తోడేళ్ళగవి ఉంది కదా, ఆ గుహ పక్కన గట్టు తవ్వితే శనగపలుకులంత బంగారం పడుతోందంట!"

ఎవరితోనూ అనొద్దన్న మాట పొద్దుగూకేలోగా ఊరంతా తిరిగింది. వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చారు. మేడ మళ్ళీ నిండింది.

"ఏమయ్యా, నిజంగా పడుతోందా?" అని అడిగింది అతని భార్య సుంకమ్మ.

"పడితేనేం, పడకుంటేనేం! మన పొయ్యి మండుతోంది కదా" అని నవ్వాడు.

కొన్నాళ్ళకు సుంకమ్మ తమ్ముడు మారెప్ప కాడెద్దుల్ని అమ్ముకుని, గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం బావా, ఇంత మంచి మాట నేను పరాయివాళ్ళ నోట వినాల్నా?"

తిప్పేస్వామి అతని గడ్డపార పట్టుకుని ఆపాడు. "మారెప్పా, అక్కడ ఏమీ లేదు. అది నేను పుట్టించిన మాట. ఇంటికి పోరా."

"బంగారం కాడికి వచ్చేసరికి బావమరిది కూడా పరాయివాడైపోయినాడే!" అని మారెప్ప విసవిసా గవి దారి పట్టాడు.

తిప్పేస్వామి భోజనాల మధ్యలో నిలబడి అందరికీ నిజం చెప్పాడు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. "మమ్మల్ని తరిమేసి నువ్వొక్కడివే తవ్వుకుందామనా?" అన్నాడొకడు. ఆనాటి నుంచి ఇంకా లోతుగా తవ్వారు.

వానకు నానిన గట్టు ఒక మధ్యాహ్నం విరిగిపడింది. మారెప్ప నడుం దాకా మట్టిలో కూరుకుపోయాడు. పైనుంచి పెళ్ళలు రాలుతూనే ఉన్నాయి. ఊతం పెట్టనిదే ఎవరూ గుంతలోకి దిగలేరు. చూద్దామంటే చుట్టూ బోడిగుట్టలే, ఒక్క మాను లేదు.

కబురు విని వచ్చిన తిప్పేస్వామి అది చూసి హోటలుకు పరుగెత్తాడు. పలుగు తీసుకుని వసారా స్తంభాలు, దూలాలు పెరకసాగాడు.

"మేడ కూలిపోతుందయ్యా!" అని అరిచారు తింటున్నవాళ్ళు.

"కూలనీ! వచ్చి పట్టండి!"

సుంకమ్మ ఒక దూలం కొస భుజానికి ఎత్తుకుంది. మిగతావాళ్ళు కంచాలు వదిలి కదిలారు. గట్టుకు దూలాలు మోపి, తిప్పేస్వామి తానే ముందుగా గుంతలోకి దిగాడు. పొద్దు వాలేవేళకు మారెప్పను పైకి తీశారు. ప్రాణం దక్కింది, కాలు మాత్రం కుంటిదైంది.

"బావా, నిజంగానే లేదా?" అన్నాడు మారెప్ప నీరసంగా.

"లేదు నాయనా" అంటూ తిప్పేస్వామి ఏడ్చేశాడు.

జనం దూరాన ఒరిగిపోయిన మేడను చూశారు. ఈసారి అందరూ నమ్మారు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. తిప్పేస్వామి మారెప్పను బండిలో ఎక్కించుకుని అతని ఊరు చేరాడు. బావమరిది నడవలేని చేలో తానే మడక పట్టి దున్నాడు. సంతనాడు సుంకమ్మతో కలిసి దోసెలు పోసేవాడు. అతని నోట మళ్ళీ అబద్ధం ఎవరూ వినలేదు. మారెప్ప కుంటుతూ చేనిగట్టు మీద నడిచినప్పుడల్లా మాత్రం తిప్పేస్వామి తల దించుకునేవాడు.

అబద్ధాన్ని పుట్టించడానికి ఒక్క మాట చాలు. దాన్ని ఆపడానికి కట్టుకున్న ఇల్లు కూల్చుకున్నా, అది చేసిన గాయం మానదు.