నూకాలు గీసిన సముద్రం

అనగనగా సముద్రానికి ఒక పూట నడక దూరంలో ఒక అడవి. ఒక్క పూట నడకే! అయినా ఆ అడవిలోని ముసలి ఏనుగు సింహాద్రి తాత ఏనాడూ సముద్రం చూడలేదు. ఇవాళ, రేపు అనుకుంటుండగానే మోకాళ్ళు అరిగిపోయి మంచాన పడ్డట్టయింది.

"కన్ను మూసేలోగా ఓపాలి సముద్రం సూడాలనుందర్రా," అన్నాడు చుట్టూ ఉన్న జంతువులతో బెంగగా.

"నాను బొమ్మేసి తెస్తాను తాతా! ఉన్నదున్నట్టు తెస్తాను," అంది ఉడుత నూకాలు.

అందరూ నవ్వారు. మీరూ నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. నూకాలుకి తన తోకే కుంచె. అంత మెత్తని కుంచె అడవిలో ఇంకెవరికుంది?

"నానూ తెస్తాను," అన్నాడు నక్క గవర్రాజు. పోటీ అంటే చాలు, వాడికి కాలు నిలవదు.

ఇద్దరూ ఒడ్డుకి చేరారు. ఎర్రమట్టి, ఆకుపసరు, శంఖుపూల నీలం కలుపుకున్నారు. కొట్టుకొచ్చిన చెక్కముక్కల మీద గీయడం మొదలెట్టారు.

పొద్దున్న ఒడ్డు మీదున్న పడవ నీడ వెనకాల సరుగుడు తోపు వైపు పడింది. నూకాలు అలాగే గీసింది. మధ్యాహ్నానికి నీడ పడవ కిందికి దూరింది. నూకాలు చెరిపి మళ్ళీ గీసింది. సాయంత్రం నీడ నీళ్ళ వైపు సాగింది. మళ్ళీ చెరిపింది. చివరికి చెక్క మీద సముద్రం లేదు, బురద మిగిలింది. పాపం, నూకాలు వెక్కి వెక్కి ఏడ్చింది.

గవర్రాజు ఏదీ చెరపలేదు. పొద్దున్న పడవా దాని నీడా గీశాడు, సాయంత్రం తాడిచెట్టూ దాని నీడా గీశాడు. "అయిపోయింది!" అన్నాడు.

నూకాలు కళ్ళు తుడుచుకుని చెక్క కడిగింది. "ఇకనుంచి పొద్దున్నే గీస్తాను. నీడ జరిగితే ఆపేస్తాను. మర్నాడు మళ్ళీ అదే వేళకి కూర్చుంటాను."

"ఏటే, రోజుకి గంట పనా? నువ్వొచ్చేసరికి తాత ఉంటాడో ఉండడో!" అని గవర్రాజు వెళ్ళిపోయాడు.

ఆ మాటకి నూకాలు కూడా అడవి వైపు రెండడుగులు వేసింది. కానీ ఉన్నదున్నట్టు తెస్తానని మాట ఇచ్చింది కదా. మూడు పొద్దులు గీసింది. నాలుగో రోజు చెక్క వీపున కట్టుకుని, తాత ఉండాలి ఉండాలి అనుకుంటూ పరుగెత్తింది.

తాత ఉన్నాడు. గవర్రాజు బొమ్మ ఎదురుగానే ఉంది. తాత మాత్రం అటు చూడటం లేదు.

"పడవ నీడ తోపుకేసి, సెట్టు నీడ నీళ్ళకేసి! ఇద్దరు సూర్యుళ్ళున్న సముద్రాన్ని నానెలా నమ్మేదే?" అన్నాడు దిగులుగా.

నూకాలు తన బొమ్మ ముందు పెట్టింది. జానెడు చెక్క. తాత చాలాసేపు చూశాడు. చూసి చూసి, నెల్లాళ్ళుగా కదపని ముందుకాలు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"ఏటైంది తాతా?"

"కెరటం వచ్చేస్తోందే! కాలు తడిసిపోద్ది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నూకాలు తోక నిటారుగా ఎత్తి అడవంతా తిరిగింది. తోకకి నీలం ఇంకా అంటుకునే ఉంది. కడుక్కోమని ఎవరూ అనలేదు. అన్నా కడుక్కునేది కాదు!

నీతి: ఏ పనికి కావలసిన సమయం ఆ పనికి ఇచ్చి నిజాయితీగా చేస్తే, దాన్ని తల ఎత్తుకుని చూపించుకోవచ్చు.