మారుపలుకుల తిప్ప

పూర్వం గోదావరి సాగరసంగమానికి ఆవల, వనదుర్గ కొలువైన చిన్న అటవీద్వీపం ఒకటి ఉండేది. ఆ తీరాన్నేలిన గొంకనాయకుని దేవి కామసాని, పురిటిలోనే బిడ్డను పోగొట్టుకొని, కంటిమీద కునుకు లేక మేడంతా తిరుగాడేది. దేవీదర్శనానికని ద్వీపానికి వెళ్ళిన ఒకనాడు మాత్రం, కొమ్మల్లో ఒక పిట్ట పాట వింటూ అక్కడే నిద్రపోయింది.

భార్య నిద్రపోయిందన్న సంతోషంతో, ఆ పిట్టను పట్టి తెమ్మని నాయకుడు వేటగాళ్ళను పంపాడు. బూడిదవన్నె వీపున్న పిట్టనల్లా వారు వలవేసి పట్టారు. వాటిలో కిచకిచలాడే మామూలు పిట్టలే ఎక్కువ. కంటిచుట్టూ తెల్లని వలయం, తోక కింద పసుపుచాయ కలిగి, పాడేటప్పుడు తోకను నిటారుగా ఎత్తేదే అసలు పిట్ట అని కామసానికి మాత్రమే తెలుసు. అటువంటివి పంజరాలలో ఒక్కొక్కటే రాలిపోయి, చివరకు ఒక్క పోతుపిట్ట మిగిలింది.

"మరికొన్ని తెప్పిస్తాను దేవీ" అన్నాడు నాయకుడు.

"వద్దు ప్రభూ. ఇది సగం పాడి ఆగిపోతోంది. తక్కిన సగం పాడవలసిన తోడును నా నిద్రకోసం చంపుకున్నాం" అని ఆమె పంజరం తీసుకొని పడవెక్కింది.

ద్వీపంలో విడిచిపెట్టగానే పిట్ట కొమ్మెక్కి రెండు దీర్ఘస్వరాలు పలికి ఆగింది. అడవి పలకలేదు. మళ్ళీ పలికింది. "జల్లెడపట్టాం తల్లీ, ఇంకొకటి లేదు" అన్నారు వేటగాళ్ళు. కామసాని వనదుర్గ ఎదుటి శిలపై మోకరిల్లి, అన్నపానాలు మాని, ఆకు కదిలినా ఉలికిపడుతూ ఎదురుచూసింది. నాయకుడు వచ్చి బతిమాలినా, "మారుపలుకు వినేదాకా లేవను" అంది. తుదకొక ఉదయాన, అమ్మవారి వెనుకనున్న పొదలోంచి మెల్లగా, తెగిన ఆ పాటను ముగించే చిన్న స్వరం వినిపించింది. ఆమె లేవబోయి, నవ్వుతూ, ఆ శిలమీదే ఒరిగి తుదిశ్వాస విడిచింది. నాయకుడు వలలన్నీ అక్కడే తగులబెట్టించి, ద్వీపంలో వేట నిషేధించాడు.

ఆమె మోకాళ్ళు ఆనిన రెండు గుంటలు ఆ శిలపై నేటికీ కనిపిస్తాయి. వైశాఖపౌర్ణమి ఉత్సవంలో డప్పు మోగదు. పిట్ట పాట, దాని మారుపలుకు రెండూ విన్నాకే పూజారి హారతి వెలిగిస్తాడు. పిట్టలు బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో ఒక్కోసారి పొద్దువాలిపోతుంది. అయినా ఎవరూ కదలరు. చంకలోని పసివాళ్ళను ఊరుకోబెడుతూ, తల్లులు చెట్లకేసి చూస్తూ నిలబడతారు.