పలక గుర్తుపట్టని పాదాలు

అనగనగా ఒక కొండ అడవిలో గవరయ్య అనే కాకి ఒకడుండేవాడు. అతనిలో ఒక గొప్ప గుణం ఉంది. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. "పైనుంచి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. అడిగి ఒకరిని ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అని తన మర్యాదకు తనే మురిసిపోయేవాడు.

ఆ ఏడు ఎండలకు చెలమలన్నీ ఎండి, ఒక్క ఊట మిగిలింది. తోపులాట ఎక్కువైందని కోతులు ఊటకు తలుపు కట్టి, ముందు ఒక కొత్త పలక పరిచాయి. పాదం పెడితే ఎవరిదో గుర్తుపట్టి పచ్చగా వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. గుర్తుపట్టకపోతే ఎర్రగా వెలుగుతుంది, అంతే.

అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి సంబరపడ్డాడు. మిగతా జంతువులకు మాత్రం అనుమానం. దీనివల్ల చిన్నాచితకా జీవాలకు ఏమవుతుందో చూసి చెప్పమని తమలో తామే అనుకుని గవరయ్యను పెట్టుకున్నాయి.

గవరయ్య తలుపు మీద కూర్చున్నాడు. ఏనుగు వచ్చింది, తలుపు తెరుచుకుంది. జింక వచ్చింది, తెరుచుకుంది. పైడమ్మ అనే పందికొక్కు వచ్చింది.

"ఏం కాకి బావా, ఆకాశం కింద పడకుండా చూస్తున్నావా?" అంది.

రోజూ ఇంతే, వెక్కిరించనిదే ముందుకు నడవదు. గవరయ్య రోషంగా మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ చూసేసరికి పైడమ్మ ఇంటిదారి పట్టింది. తాగేసింది కాబోలు అనుకున్నాడు.

"అందరూ తాగుతున్నారు. ఒక్క ఫిర్యాదు లేదు" అని సభలో చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకు పైడమ్మ వెక్కిరింపు వినపడడం మానేసింది. ముందు హాయిగా అనిపించింది. ఆ తర్వాత వెలితిగా అనిపించింది. చివరికి భయమేసింది. వెళ్ళి పైడమ్మ కన్నం దగ్గర వాలాడు.

పైడమ్మ గడ్డివేళ్ళు నమిలి, ఆ తడిని పిల్లల నోళ్ళలో పెడుతోంది.

"ఊటకి రావడం లేదేం పైడమ్మా?" అన్నాడు. పుట్టాక అతను అడిగిన మొదటి ప్రశ్న అదే.

పైడమ్మ పాదాలు చాపింది. సగం అడవికి కన్నాలు తవ్విపెట్టిన పాదాలవి. రాతినేలకు అరిగి నున్నబడ్డాయి.

"మీ పలకకి నేనెవరో తెలియలేదు. కోతులు రేపు రమ్మన్నాయి. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. అందరి ముందూ దొంగలా నిలబడలేక మానేశాను."

"నాతో ఒక్క మాట అనకపోయావా?"

"నువ్వు అటు చూస్తున్నావు కదా బావా."

గవరయ్య వెంటనే ఊటకేసి లేచాడు. తలుపు మీదుగా ఎగిరి, ముక్కున నీళ్ళు పట్టి తెచ్చి పిల్లల నోళ్ళలో పోశాడు. ఎన్నిసార్లు తిరిగినా వాటి దాహం తీరలేదు. ఒక్క కాకి ముక్కులో ఎన్ని నీళ్ళు పడతాయి?

ఊరుకుంటే అతని పొరపాటు ఎవరికీ తెలియదు. మెచ్చుకోలూ మిగులుతుంది. అయినా గవరయ్య పైడమ్మను వెంటబెట్టుకుని సభకు వెళ్ళి నిలబడ్డాడు.

"నేను చెప్పింది తప్పు. లోపలికి వెళ్ళినవాళ్ళనే చూశాను. రావడం మానేసినవాళ్ళు తలుపు మీంచి కనబడరు."

"పలక పొరపడదు" అన్నాయి కోతులు.

ఎలుగుబంటి ముందుకు వచ్చాడు. పైడమ్మ పాదాన్ని తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు.

"పలక బాగుపడేదాకా తలుపు తీసే ఉంచండి" అన్నాడు. "ముందు నీళ్ళు తాగనివ్వండి. ఎవరన్నది తర్వాత చూసుకుందాం."

అప్పటి నుంచి గవరయ్య పొద పొదకీ వాలి, ఊటకి రావడం మానేసినవాళ్ళు ఉన్నారా అని అడుగుతున్నాడు. ఒక కుంటి కుందేలు దొరికింది. ఒక గుడ్డి ముళ్ళపంది దొరికింది.

"ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు బావా?" అని పైడమ్మ మెల్లగా అడిగింది.

"తెలియదు పైడమ్మా" అన్నాడు గవరయ్య. "ఇంకా ఎవరి దగ్గరికి వెళ్ళలేదో కనిపెట్టడం నాకు ఇప్పటికీ చేతకాలేదు."

నీతి: కొత్త వస్తువు మేలు చేసిందో కీడు చేసిందో, అది వెనక్కి పంపినవాళ్ళ గుమ్మానికి వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది.