‘అయిపోయింది’ అన్న మాట

“హేమచంద్రగారూ... హేమచంద్రగారూ, వినిపిస్తోందా?”

ల్యాప్‌టాప్‌లోంచి నీలవేణి పిలుస్తోంది. హేమచంద్రకు వినిపిస్తూనే ఉంది. అయినా అతను మైక్ ఆన్ చేయలేదు, కెమెరా తెరవలేదు. ‘వింటున్నానండీ’ అని టైపు చేసి ఊరుకున్నాడు.

విశాఖపట్నం కంచరపాలెంలో ఒక మేడమీది గదిలో ఒంటరిగా ఉండే హేమచంద్ర పనిలో మంచి నేర్పరి, కాని మనిషితో నోరు విప్పి మాట్లాడాలంటే మాత్రం మహా పిరికి. పిల్లల కోసం కథలు చదివి రికార్డు చేసే ఒక చిన్న కంపెనీలో అతను పనిచేసేవాడు. ఆ కంపెనీకి ఆఫీసంటూ లేదు. ఆరుగురు ఆరు ఊళ్ళలో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పని చేసుకునేవారు. ఎవరి కథ ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం హేమచంద్ర ఉద్యోగం. అందుకోసం కంప్యూటర్‌లో ఒక బోర్డు ఉండేది. ఒక్కో కథకు ఒక్కో కార్డు. ‘చేయాల్సినవి’, ‘నడుస్తున్నవి’, ‘అయిపోయినవి’ అని మూడు వరుసలు. రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఒక్కొక్కరూ వీడియో మీటింగ్‌లోకి వచ్చి, తమ పని సంగతి అతనికి చెప్పాలి.

మిగతావాళ్ళు రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేవారు. ఖమ్మంలో ఉండే నీలవేణి మాత్రం పని మాట ముగిశాక కూడా కాసేపు ఆగేది. వాళ్ళ ఊరి ఎండల గురించి, పొద్దున మాడిపోయిన వంకాయ కూర గురించి, డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్ళ అక్క గురించి చెప్పేది. ఆ అక్క తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు. వాన వెలిశాక చూరు నుంచి జారే చినుకుల్లా ఉండేది ఆమె గొంతు. రోజు మొత్తంలో హేమచంద్రను పేరుపెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే. ఆమె వెళ్ళిపోగానే తెర నల్లబడేది. ఆ నలుపులో అతని ముఖం అతనికే కనిపించేది. చెప్పాల్సిన జవాబులన్నీ సరిగ్గా అప్పుడే నాలుక మీదికి వచ్చేవి. వాటిని గోడ మీది బల్లికి చెప్పుకునేవాడు.

అతని భయానికి ఒక కారణం ఉంది. చేరిన కొత్తల్లో, నీలవేణి ఇంకా కంపెనీలోకి రాకముందు, మీటింగ్‌లో అందరి ముందూ మాట్లాడబోయి తడబడ్డాడు. కంపెనీ పెద్ద కోదండంగారు, “ఏమయ్యా, నీ గొంతింకా డౌన్‌లోడ్ అవుతోందా?” అన్నారు. అందరూ నవ్వారు. ఆయన సరదాకే అన్నారు. కాని ఆ నవ్వు హేమచంద్రలో ముల్లులా దిగి, అక్కడే ఉండిపోయింది.

చివరికి అతనికొక ఉపాయం తట్టింది. బోర్డునూ మీటింగ్‌నూ కలుపుతూ, మధ్యలో తన అవసరమే లేకుండా ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. ఏ పనికైనా గడువు దాటితే మీటింగ్ లింక్ దానంతట అదే వెళ్ళేది. కార్డు కింద ఎవరైనా ‘అయిపోయింది’ అని రాస్తే చాలు, ఆ కార్డు చివరి వరుసలోకి జరిగేది, వాళ్ళ మీటింగ్ రద్దయ్యేది, హేమచంద్ర పేరు మీద ‘శభాష్! చాలా బాగా చేశారు’ అని చప్పట్ల బొమ్మలతో సందేశం వెళ్ళేది.

అందరికీ సమయం కలిసివచ్చింది. పురోహితుడు లేకుండానే పెళ్ళిళ్ళు జరిపించేస్తున్నావయ్యా అని కోదండంగారు మెచ్చుకున్నారు.

నీలవేణి ఒక్కతే ఆ మాట రాసేది కాదు. కథ మొత్తం చదివి పంపాక కూడా ‘దాదాపు అయింది’ అనో, ‘ఇంకొంచెం ఉంది’ అనో రాసేది. అందుచేత ఆమె మీటింగ్ మాత్రం రద్దు కాకుండా మిగిలేది. కొన్నాళ్ళకు హేమచంద్రకు సంగతి అర్థమైంది. మీటింగ్ పోకూడదనే ఆమె ఆ మాట రాయడం లేదు. ఆ సాయంత్రం కిటికీలోంచి కనిపించే గూడ్సు పెట్టెలు కూడా అతని కళ్ళకు పూలరథాల్లా తోచాయి.

కాని మర్నాడు నీలవేణి, మీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు, రేపైనా మాట్లాడతారా అని అడిగింది. రేపు అనే మాట హేమచంద్ర మీద కొండలా పడింది. ఆ భయంలో కూర్చుని, ‘పని పూర్తవగానే కార్డు కింద అయిపోయింది అని రాయవలసిందిగా మనవి’ అని ఆమెకు నోటీసు పంపేశాడు.

అప్పటినుంచి ఆమె అలాగే రాసింది. రోజూ నాలుగయ్యేది. ఎవరూ పిలిచేవారు కాదు. కార్డుల కింద రాసే మాటలన్నీ ప్రోగ్రామే చూసుకుంటోంది కనుక, హేమచంద్ర వాటిని చదవడం కూడా మానేశాడు.

ఇలా ఉండగా ఒక బుధవారం కోదండంగారు ఫోన్ చేసి, నీలవేణి చదవాల్సిన కుందేలు కథ రికార్డింగ్ ఎక్కడ అని అడిగారు. బోర్డులో చూస్తే కార్డు ‘అయిపోయినవి’ వరుసలోనే ఉంది. లోపల రికార్డింగ్ లేదు. హేమచంద్ర కార్డు తెరిచి, కింద రాసినవన్నీ చదివాడు.

‘అక్కకు బాగా లేదు. ఆస్పత్రిలో చేర్చాను. కథ ఆలస్యమవుతుంది’ అని నీలవేణి రాసింది. గడువు దాటినందుకు ప్రోగ్రాం ఆమెకు మీటింగ్ లింక్ పంపింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్ళీ రాసింది: ‘అంతా అయిపోయింది. నాలుగింటికి ఒక్కసారి మాట్లాడాలండీ.’

దాని కింద హేమచంద్ర పేరు. ‘శభాష్! చాలా బాగా చేశారు.’ వరసగా చప్పట్ల బొమ్మలు. ఆ కింద మీటింగ్ రద్దయిందన్న కబురు.

అన్నిటికంటే అడుగున నీలవేణి రాసిన ఒక్క మాట ఉంది. ‘సరేనండీ.’

మన తెలుగులో పని ముగిసినా ఆ మాటే, ప్రాణం పోయినా ఆ మాటే. గొంతు వింటే ఏది ఏదో తెలిసిపోతుంది. గొంతు వినాల్సిన మనిషి ఆ పని ఎప్పుడో ప్రోగ్రాంకి అప్పగించేశాడు.

అప్పటికి అది రాసి పదకొండు రోజులైంది. హేమచంద్ర వెంటనే నీలవేణికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి కోదండంగారు చెప్పారు, ఆమె ఉద్యోగం మానేస్తోందట, శుక్రవారం మీటింగ్‌లోకి వచ్చి మిగిలిన కథలు అప్పగించి వెళ్ళిపోతుందట. హేమచంద్ర కార్డు సంగతి చెప్పాడు. ఆయన విని, “నువ్వేం చేస్తావులే అబ్బాయ్. కంప్యూటర్ పొరపాటని నేను చెబుతాను” అన్నారు. హేమచంద్రకు ఆ మాట చలిలో కప్పుకున్న దుప్పటిలా అనిపించింది. ఆ దుప్పటి కింద రెండు రోజులు ముడుచుకుని పడుకున్నాడు, గాని నిద్ర పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నీలవేణి మీటింగ్‌లోకి వచ్చింది. ముఖం చిక్కిపోయింది. ఏ కథ ఎక్కడ ఆగిందో ఒక్కొక్కటే ఓపికగా చెప్పింది. కోదండంగారు గొంతు సవరించుకుని, ఆ రోజు వచ్చిన సందేశం కంప్యూటర్ పొరపాటని, మనసులో పెట్టుకోవద్దని చెప్పారు.

“నాకు కోపం లేదండీ,” అంది నీలవేణి. “ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు. చేతిలో ఉన్న ఫోన్‌లో ఆ కార్డు కనిపించింది, రాశాను. చప్పట్లు వచ్చాయి.”

ఇక సెలవంటూ ఆమె మీటింగ్ మూయడానికి చెయ్యి చాచింది. ఇప్పుడు తెర మీది ఆమె బొమ్మ మాయమైతే ఆ గొంతు మళ్ళీ ఈ జన్మలో వినపడదని హేమచంద్రకు తెలిసిపోయింది. నోరు మెదపకపోతే అతన్ని నిందించేవాళ్ళు ఎవరూ లేరు. తప్పు కంప్యూటర్ మీదికి వెళ్ళిపోయింది. అతను కళ్ళు మూసుకుని కెమెరా తెరిచాడు. తర్వాత మైక్ ఆన్ చేశాడు. మొదటి మాట గొంతులోనే విరిగింది. ఈసారి కోదండంగారు నవ్వలేదు.

“కంప్యూటర్ పొరపాటు కాదండీ,” అన్నాడు హేమచంద్ర. “ఆ మాటకు చప్పట్లు కొట్టమని దానికి నేర్పింది నేను. మనుషులతో మాట్లాడాలంటే భయపడి నేర్పాను. మీటింగ్ పోకూడదని మీరు పని కాలేదని రాస్తున్నారని నాకు తెలుసు. తెలిసే ఆ నోటీసు పంపాను. పొద్దున లేచింది మొదలు మీ పిలుపు కోసమే ఎదురుచూసేవాణ్ణి, ఒక్కసారైనా నోరారా పలకలేదు. అక్కగారు పోయిన రోజున మిమ్మల్ని ఒంటరిగా వదిలేసింది నేనేనండీ.”

నీలవేణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మీటింగ్ మూయలేదు.

పనులు ఎన్నయినా యంత్రానికి అప్పగించవచ్చు. తోటి మనిషికి మన నోటితో చెప్పాల్సిన మాటను మాత్రం దేనికీ అప్పగించకూడదు.