రేవు ఎవరి చట్టం కిందిది?

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని ధర్మకేతుడనే రాజు ఏలేవాడు. చట్టాన్ని తానే స్వయంగా రాశాననీ, అంతటి చట్టం ఏ రాజ్యంలోనూ లేదనీ ఆయనకు మహా గర్వం.

ఆ రేవులో అద్దకం పనిచేసే నాంచారమ్మ, తోటి ఆడవాళ్ళు నలభైమందితో కలిసి, పారసీక వర్తకుడు రుస్తుంకు ఏడాదిపాటు మూడొందల తానులు అద్దింది. ఒప్పందం స్పష్టంగానే రాసుకున్నారు. సరుకు ఓడెక్కేదాకా పూచీ ఆమెది, ఎక్కాక అతనిది. తగువొస్తే రేవు ఏ రాజుదో ఆ రాజు చట్టమే చెల్లుతుంది.

తానులు ఓడెక్కాయి. ఆ తర్వాత ఓడకు చిల్లిపడి అన్నీ తడిసిపోయాయి. రుస్తుం సొమ్మివ్వనన్నాడు. తగువు సభకెక్కింది.

"మహాప్రభూ, పక్కన మొగుడి సంతకం లేనిదే ఆడదాని సంతకం చెల్లదని మీ చట్టమే చెబుతోంది. కాబట్టి మా మధ్య ఒప్పందమే లేదు," అన్నాడు రుస్తుం.

రాజు మురిసిపోయాడు. "చూశారా, పరదేశికి కూడా నా చట్టం కంఠతా వచ్చు! ఏమమ్మా, నీ మొగుడి చేత సంతకం పెట్టించలేకపోయావా?"

"పోయి పదేళ్ళయింది ప్రభూ."

"అయితే ఎవరో ఒక మగాణ్ణి అరువు తెచ్చుకోవలసింది!"

సభ గొల్లున నవ్వింది. వెనక నిలబడ్డ నలభైమందీ నీలిమందు అంటిన చేతుల్ని కొంగుల్లో దాచుకుని తలలు వంచుకున్నారు.

నాంచారమ్మ తల వంచలేదు. "ఆ చట్టం మాబోటివాళ్ళకేనా ప్రభూ, అందరికీనా? ఇప్పటి పత్రాలకేనా, పాతవాటికీనా?"

"రాణికైనా దాసికైనా, పాతదైనా కొత్తదైనా ఒక్కటే!"

"అయితే ఈ రేవు మీది కాదు."

"మీరు ఉయ్యాల్లో ఉండగానే పెద్దరాజుగారు పోయారు. పొరుగు రాజు దగ్గర ఈ రేవును కొన్నది రాజమాతగారు. పత్రం మీద ఆమె సంతకం ఒక్కటే ఉంది. అది చెల్లకపోతే రేవు ఇంకా పొరుగు రాజుదే. ఆయన చట్టంలో ఆడవాళ్ళ సంతకం చెల్లుతుంది, రుస్తుంగారు సొమ్మివ్వాలి. రాజమాతగారిది చెల్లుతుందంటే నాదీ చెల్లుతుంది, అప్పుడూ ఇవ్వాలి. ఏది ఖాయమో ఏలినవారే సెలవివ్వండి."

రాజు పకపకా నవ్వి, "భలే కట్టేశావే!" అంటూ మెడలోని హారం తీశాడు. తనతో ఎవరూ నవ్వడం లేదని అప్పుడు గమనించాడు. అందరి చూపులూ సింహాసనం పక్కనున్న తెర మీదే ఉన్నాయి. దాని వెనక రాజమాత కూర్చుని ఉంది. ఆయన చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి.

"హారం తర్వాత ఇద్దురుగాని ప్రభూ, ముందు ఆ వాక్యం కొట్టేయండి," అంది నాంచారమ్మ.

రుస్తుం సొమ్ము మూట ముందుకు జరిపాడు. రాజు గంటం అందుకున్నాడు.

"అమ్మా, ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం?"

"రాసేటప్పుడు నన్నడిగావా నాయనా?" అంది తెర వెనక గొంతు.

రాజు తలెత్తకుండానే ఆ వాక్యం కొట్టేశాడు.