నూకరత్నం మామ్మ జపాను రేడియో

ఆ పొద్దున్న కామేశం వచ్చాడు గానీ రేడియోల మీద దుమ్ము తుడవలేదు. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూచుని నేల చూస్తున్నాడు.

కాకినాడ జగన్నాథపురంలో జలీల్ సాహెబు గారింట్లో ముందుగది నిండా రేడియోలే. జేబులో పట్టేవి, అరచేతిలో ఒదిగేవి, తోలు తొడుగు వేసుకున్నవి. ఓడల మీద పనిచేసేవాళ్ళు ఒకప్పుడు జపాను నుంచి తెచ్చుకున్న ట్రాన్సిస్టర్లు. వాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళు పారెయ్యలేక, ఉంచుకోలేక, సాహెబు గారి చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. ఆయన జపానువి పై అరలో పెట్టేవారు. వాటిని చూసి ఇంకెక్కడో చేసిన నకళ్ళని కింది అరలో పెట్టేవారు. అంత బుల్లి వస్తువులో అన్ని ఊళ్ళ గొంతులు ఎలా పడతాయో నాకు ఇప్పటికీ వింతే. దానికి మళ్ళీ నకలు కూడానా అని ఇంకో వింత.

కామేశం ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకుంటున్న శిష్యుడు. ముప్ఫై దాటినవాడే. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. చక్రం తిప్పి ఆ చప్పుడు వింటాడు. "ఇది జపానుది కాదండి," అంటాడు. కాదంటే కాదే. అలా తేలినవాటికల్లా 'నకిలీ' అని రాసి చిన్న కాగితం ముక్క అంటించేవాడు. ఆ అంటించడంలో కాస్త గర్వం కూడా ఉండేది. సాహెబు గారు చూసేవారు, ఏమీ అనేవారు కారు.

"ఏం నాయనా, ఒంట్లో బాగోలేదా?" అన్నారాయన.

"ఉస్తాద్ గారూ, నిజం చెప్పడం తప్పంటారా?"

"ఎవరికి చెప్పావు?"

"నూకరత్నం మామ్మకండి. నిన్న మీరు నమాజుకి వెళ్ళినప్పుడు వచ్చింది."

జరిగింది ఇదీ. నూకరత్నం మామ్మ భర్త ఓడలో వంటవాడుగా పనిచేసేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన తెచ్చిన రేడియో మూగబోయిందని తువ్వాల్లో చుట్టి పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. బ్యాటరీ పెట్టే చోట తుప్పు. కామేశం గీకి శుభ్రం చేశాడు. రేడియో గుర్రుమని, తర్వాత మాట్లాడింది. మామ్మ మొహం చేటంతైంది.

"జపానుది కదా బాబూ, అంత తేలిగ్గా చస్తుందా?" అంది.

అక్కడ ఊరుకుంటే పోయేది. కామేశం వెనక మూత ఇంకా బిగించలేదు. లోపల చూశాడు. ఎనిమిది ట్రాన్సిస్టర్లని డబ్బా మీద గొప్పగా అచ్చు వేసి ఉంది. లోపల గొంతుని పెద్దది చేసే ఆ ముక్కలు, చిక్కుడు గింజల్లాంటివి, ఎనిమిదీ ఉన్నాయి. కానీ అందులో మూడు ఉత్తివి. లెక్క నిండడానికి నిలబెట్టినవి, వాటికి ఏ పనీ లేదు.

"ఇది జపానుది కాదు మామ్మా. దాన్ని చూసి చేసిన నకలు. ఇదుగో, ఈ మూడూ మోసం," అని వేలు పెట్టి చూపించాడు.

మామ్మ వంగి చూసింది. ఆవిడకేం కనిపించిందో ఏమో.

"అయితే మా ఆయన జపాను వెళ్ళలేదా?" అంది.

కామేశం వేలు వెనక్కి తీసుకున్నాడు.

"అక్కడ చెప్పులు గుమ్మం దగ్గరే విప్పుతారు, అచ్చం మనలాగే అని చెప్పాడే. ఎన్ని కబుర్లు చెప్పాడు నాకు! అవీ నకలేనా?"

తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. "నీ కింది అరలో పెట్టుకో బాబూ," అని వెళ్ళిపోయింది. మాట్లాడుతున్న రేడియోని అలాగే వదిలేసి.

అంతా విని సాహెబు గారు అడిగారు. "ఆవిడ అడిగిందా, నువ్వే చెప్పావా?"

"జపానుది కదా అందండి. కాదన్నాను."

"అయితే తప్పేముంది?"

"తప్పు లేదండి."

"మరి ఈవేళ రేడియోలు ఎందుకు తుడవలేదు?"

కామేశం కింది అర వైపు చూశాడు.

సాహెబు గారు లేచి కింది అరలోంచి మామ్మ రేడియో తీశారు. దానికి అప్పుడే కాగితం అంటించి ఉంది. దాన్ని తెచ్చి కామేశం ముందు పెట్టారు.

"ఇందులో అబద్ధం ఎంత ఉందో అంతా తీసెయ్యి. మిగిలింది పట్టుకెళ్ళి ఆవిడకి ఇద్దువుగాని."

కామేశానికి ఈ మాట నచ్చింది. టంకం కడ్డీ వేడి చేశాడు. ఉత్తివి మూడూ ఒక్కొక్కటే ఊడదీసి బల్ల మీద పెట్టాడు. మూత బిగించి మీట నొక్కాడు.

రేడియో పలకలేదు. గుర్రు కూడా అనలేదు.

బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. మళ్ళీ మూత విప్పాడు. తీగలన్నీ వేలితో తడిమాడు. చెమట పట్టింది. సాహెబు గారు సాసర్లో టీ పోసుకుని నింపాదిగా ఊదుకుంటున్నారు.

చాలాసేపటికి కామేశం బల్ల మీదున్న ఉత్తివాటిలో ఒకదాన్ని తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు. దాని మూడు కాళ్ళలో రెండు కలిపి మెలేసి ఉన్నాయి.

"ఉస్తాద్ గారూ," అన్నాడు మెల్లిగా. "చేసినవాడు తీగముక్కకి బదులు దీన్ని వాడుకున్నాడండి. పాటంతా దీని కాళ్ళ మీంచే దాటి స్పీకరుకి వెళ్తోంది."

"ఉత్తిదన్నావుగా?"

"ఉత్తిదేనండి." దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "అయినా పాటని మోసింది."

బల్ల సొరుగులోంచి ఓ రాగితీగ ముక్క తీశాడు. అది పెడితే చాలు, రేడియో పలుకుతుంది. అబద్ధమూ ఉండదు. తీగ అతికించబోయి ఆగాడు. తర్వాత దాన్ని సొరుగులోనే వేసి, ఆ మెలేసిన కాళ్ళదాన్నే తీసుకెళ్ళి దాని చోట్లో అతికించాడు.

"మిగతా రెండూ?" అన్నారు సాహెబు గారు.

"వాటితో పని లేదండి."

"ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాయి, పాపం. ఇప్పుడెక్కడికి పోతాయి?"

కామేశానికి నవ్వొచ్చింది. వాటినీ అతికించాడు. బొటనవేలు తడిచేసి కాగితం ముక్క ఊడదీశాడు.

నూకరత్నం మామ్మ ముందుగదిలో కూచుని చేటలో ఎండు రొయ్యలు బాగుచేస్తోంది. కామేశం గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. రేడియో ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దానివంక చూడలేదు.

"అసలుది చేసేశావా?"

"లేదు మామ్మా. ఎలా ఉన్నదాన్ని అలాగే తెచ్చాను."

"అయితే ఎందుకు తెచ్చావు?"

కామేశం తల పక్కకి తిప్పుకుంటే గుమ్మంలో తన చెప్పులే కనిపించాయి.

"చెప్పుల సంగతి నిజమే మామ్మా," అన్నాడు.

"ఏ చెప్పులు?"

"జపానులో. గుమ్మం దగ్గరే విప్పుతారు. నేను ఫొటోల్లో చూశాను. రేడియో నకలే. ఆ మాట మాత్రం నకలు కాదు."

చేటలో చెయ్యి ఆగింది.

"గదంతా చాప పరుస్తారటగా?" అంది, అనుమానంగా.

"అవును మామ్మా. గోడ నుంచి గోడ దాకా చాపే."

"మరి! నేను చెప్పలా!" అంది మామ్మ. ఎవరితో అందో తెలీదు. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

చెయ్యి చీరకి తుడుచుకుని రేడియో అందుకుంది. చూడకుండానే బొటనవేలితో చక్రం తిప్పింది. సముద్రం మీద గాలి ఎటు వీస్తుందో రేడియోలో చెబుతున్నారు.

"ఆయన ఓడ మీదున్నన్నాళ్ళూ ఈ గాలి కబురే వినేదాన్ని," అంది. చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

కామేశం తిరిగొచ్చేసరికి సాహెబు గారు కుర్చీలోనే ఉన్నారు.

"ఏమందిరా?"

"రొయ్యలిచ్చిందండి," అని పొట్లం చూపించాడు.

గుడ్డ తీసుకుని తుడవడానికి కూచున్నాడు. ఎప్పుడూ పై అరతో మొదలుపెట్టేవాడు, ఈసారి కింది అర దగ్గర కూచున్నాడు. ఒక రేడియో ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలు తడిచేసుకుని, దాని మీది కాగితాన్ని పీకబోయాడు.

"కాగితం ఉండనియ్యి నాయనా, అది నిజమేగా," అన్నారు సాహెబు గారు. "మెల్లిగా తుడువు."