ఏనుగు కోసం వేసిన దారి

రత్నగిరి రాజు కట్టించిన కొలువుకూటానికి మెట్లున్నాయే, అబ్బో! మేఘాలు కూడా సగంలో ఆగి ఆయాసం తీర్చుకునేవి. ఆ మెట్లెక్కి చెప్పుకున్న మొరనే రాజు వినేవాడు.

బుట్టలల్లే సింగారికి కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల పీట మీద, చేతులతో తోసుకుంటూ కదిలేది. ఆమె గుడిసెను మర్నాడే కూల్చేస్తానన్నాడు సేనాపతి.

"మొర పెట్టుకుంటావా? ఎక్కు మరి!" అని మెట్ల దగ్గరి భటుడు నవ్వాడు.

అంతలో రాజు పట్టపుటేనుగు మీద వచ్చి, పరదేశపు రాయబారుల ఎదుట మెట్ల దగ్గర దిగాడు. సింగారి గొంతెత్తి, "మహాప్రభూ!" అంది.

"మొరైతే పైకొచ్చి చెప్పుకో."

"మొర కాదు ప్రభూ, దిగులు! కొండల్ని కుమ్మే మీ ఏనుగు మెట్లెక్కలేక మీ వాకిట్లోనే ఆగిపోయింది. ఈ రాయబారులు తమ దేశాలకెళ్ళి ఏమని చెబుతారో!"

రాయబారులు మీసాల చాటున నవ్వారు. రాజు ముఖం కందిపోయింది. అంతే! నాలుగువేలమంది పనివాళ్ళు దిగారు. పొద్దు గుంకేలోపే మెట్ల పక్కన నున్నటి వాలుదారి లేచింది.

రాజును మోస్తూ ఏనుగు ఠీవిగా ఎక్కింది. దాని వెనకే సింగారి పీట గడగడమంటూ కదిలింది.

"ఆగవే! ఇది ఏనుగు దారి!" అని భటుడు అడ్డొచ్చాడు.

"ఏనుగును మోసిన దారికి నేను బరువా, అన్నా?"

పైనుంచి విన్న రాజు పకపకా నవ్వి, ఆమెను రానిచ్చాడు. మొరంతా విని, గుడిసె జోలికి వెళ్ళొద్దని సేనాపతిని గద్దించాడు. ఆ తర్వాత కిందికి చూశాడు.

చూపులేనివాళ్ళు, నిండు చూలాళ్ళు, కర్రలూనిన ముసలివాళ్ళు, ఏళ్ళ తరబడి మెట్ల కిందే ఆగిపోయినవాళ్ళంతా ఏరు పొంగినట్టు పైకి వస్తున్నారు.

"ఇంతమందా నా రాజ్యంలో!" అన్నాడు రాజు.